నాయనమ్మ ద్రాక్షరసం

మొన్న మా కోడలు బజారు నుంచి ఒక సీసా తెచ్చి నా ముందు పెట్టింది. "అత్తయ్యా, మీకు నీరసంగా ఉంటోంది కదా, రోజూ పొద్దున్నే ఓ గ్లాసు తాగండి. ఇందులో అన్నీ పళ్లే" అంది. సీసా మీద పగలదీసిన దానిమ్మకాయ బొమ్మ, పక్కన ఓ ఆకుపచ్చ ఆకు. నేను కళ్లజోడు తుడిచి పెట్టుకుని సీసా వెనక్కి తిప్పాను. చీమ తలకాయంత అక్షరాలు. కూడబలుక్కుని చదివితే ముందు చక్కెర ఉంది, తర్వాత నోరు తిరగని పేర్లేవో ఉన్నాయి, దానిమ్మ ఎక్కడో చివర నక్కి ఉంది. "ఏమ్మా, పళ్లు బొమ్మలోనే ఉన్నట్టున్నాయే!" అని కసిరాను. మనవడు "దాదీ కో హర్ చీజ్ పే షక్ హై" అని నవ్వాడు, నాయనమ్మకి అన్నిటి మీదా అనుమానమేనని. వాడికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. కోడలు మొహం చిన్నబుచ్చుకుని సీసా తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ పిల్ల నా మీద ప్రేమతోనే తెచ్చింది. నా భయమంతా ఆ ప్రేమతోనే. ఇలాంటి సీసా ఒకటి నా చిన్నప్పుడు మా ఇంటికి ప్రేమగానే వచ్చింది, ప్రేమగానే ఒక పసిగుడ్డు నోట్లోకీ వెళ్లింది. ఇదంతా కోడలికి ఎలా చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మేము ఈ హిందీ ఊళ్లోనే, కారఖానా వాళ్లుండే సీతారాండేరా పేటలో ఉండేవాళ్లం. రెండు గదులు, వెనకాల వంట వసారా, ముందు వీధిలోకి దిగే సిమెంటు మెట్లు. నాన్న కారఖానాలో ఫిట్టరు. ఇంటి పెత్తనం మాత్రం నాన్నది కాదు, అమ్మది అంతకంటే కాదు. నాయనమ్మది. ఆవిడ సన్నగా, పొడుగ్గా, చెవులకి బరువైన కమ్మలతో, ఎప్పుడూ ఎవరో తప్పు చేసినట్టే చూసేది. టెక్కలి అవతల పల్లెలో తాత పోయాక ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకుని రైలెక్కి, ఇక్కడ పనిచేసే తమ్ముడి దగ్గరకి వచ్చేసిందట. నాలుగిళ్లలో అంట్లు తోమి కొడుకుల్ని పెంచింది. తాత ఎలా పోయాడని అడిగితే "తాగి తాగి సచ్చిపోనాడు" అనేది. తాత గురించి మా ఇంట్లో ఉన్న చరిత్ర మొత్తం ఆ మాటే. ఫోటో కూడా లేదు.

అందుకని మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ఇంకే ఇంట్లోనూ ఉండి ఉండదు. సాయంత్రం భోంపు మోగేది. భోంపు అంటే కారఖానా కూత, షిఫ్టు అయిపోయిందని ఊరందరికీ చెప్పేది. ఆ వేళకి వీధి పొడవునా బొగ్గుల పొయ్యిలు బయట పెట్టి రాజేసేవారు. కళ్లు మండే పొగలోంచి సైకిళ్లు ఒక్కొక్కటే బయటపడేవి. నాయనమ్మ పొయ్యి అమ్మకి ఒప్పజెప్పి గడప మీద నిలబడేది. నాన్న సైకిలు గోడకి ఆనించి, మెట్లెక్కి, తల వంచి ఆవిడ మొహం దగ్గర "హా" అనాలి. ఆవిడ వాసన చూసి పక్కకి జరిగితేనే లోపలికి రావడం. నెత్తిన తెల్ల వెంట్రుకలు వచ్చిన మనిషి, కింద పదిమంది ఖలాసీలు పనిచేసే మనిషి, రోజూ తల్లి ముందు చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు. ఒకసారి పెళ్లి పిలుపులకి వచ్చిన పెద్దాయన్ని కూడా "బావూ, ఓపాలి హా అను" అని నిలబెట్టేసింది. ఆయన శుభలేఖ చేత్తో పట్టుకుని బిక్కమొహం వేసి "హా" అన్నాడు. అమ్మ సిగ్గుతో వంటింట్లోకి పరిగెత్తింది. మేం పిల్లలం పరుపుచుట్ట వెనకాల నోరు నొక్కుకుని నవ్వాం.

మా చిన్నాన్న అప్పన్న ఈ పరీక్షలోనే తప్పాడు. ఆయన కంట్రాక్టు కూలి. చల్లారబెట్టిన బట్టీల్లోకి దిగి పాత ఇటుకలు ఊడగొట్టే పని. చల్లారినా లోపల వేడికి చెప్పుల అడుగులు కరిగేవట. బయటికొచ్చేటప్పటికి మనిషి పిండేసిన గుడ్డలా ఉండేవాడు. ఓ సంత రోజు తోటి కూలీలు బలవంతం చేస్తే రెండు దొప్పల హండియా తాగాడు. హండియా అంటే ఇక్కడి ఆడవాళ్లు అన్నం పులియబెట్టి సంతలో కుండలు ముందేసుకుని అమ్మే కల్లులాంటిది. ఇంటికొచ్చి తల వంచాడు. దాచుకోవాలని కూడా ప్రయత్నించలేదు, ఇప్పుడు తలుచుకుంటే అదే నాకు వింతగా ఉంటుంది. నాయనమ్మ వాసన చూసింది. లోపలికెళ్లి ఆయన రేకు పెట్టె ఈడ్చుకొచ్చి మెట్ల మీద పెట్టింది. "తాగినోడు నా గడప తొక్కకూడదు. ఎల్లు" అంది. పిన్ని, అంటే ఆయన భార్య, కొత్త పెళ్లికూతురు, ఏడుస్తూ కాళ్లు పట్టుకుంది. "నువ్వు ఉంతే ఉండమ్మా. ఆడు మాత్రం ఎల్లాలి" అంది నాయనమ్మ. పిన్ని మొగుడి వెనకాలే వెళ్లిపోయింది. నది అవతల మాంగో పేటలో ఓ రేకుల గది అద్దెకి తీసుకున్నారు. ఆ తర్వాత కూడా చిన్నాన్న నెలకోసారి వచ్చేవాడు. వీధిలోనే నిలబడి మాకు జిలేబీ పొట్లం ఇచ్చేవాడు. నాయనమ్మ గడప లోపల వీపు తిప్పుకుని కూర్చుని, "ఆడు అన్నం తింతన్నాడేటో అడగండే" అనేది మాతో. మేం అడిగేవాళ్లం. "తింతన్నానని సెప్పండి" అనేవాడు. ఇద్దరి మధ్యా పట్టుమని నాలుగు అడుగుల దూరం లేదు.

చిన్నాన్న వెళ్లాక నాయనమ్మకి నిద్ర పట్టడం మానేసింది. తిండి తగ్గింది. చెంపలు పీక్కుపోయాయి. కారణం ఇంట్లో అందరికీ తెలుసు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి నాన్న సాక్చీ బజారులో ఒక సీసా కొనుక్కొచ్చాడు. ఆ రోజుల్లో దాని పేరు తెలియనివాళ్లు లేరు. సినిమా మొదలయ్యే ముందు తెర మీద బొమ్మ వేసేవాళ్లు: కండలు తిరిగిన మొగుడు, బొద్దుగా ఉన్న పెళ్లాం, వాళ్ల చేతుల్లో పిల్లాడు, పైన నల్లద్రాక్ష గుత్తి. ఒంట్లో రక్తం పడుతుంది, ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది, పసివాళ్ల నుంచి ముసలివాళ్ల దాకా ఎవరైనా తాగొచ్చు అని గంభీరమైన గొంతు చెప్పేది. ఆస్పత్రిలో ఉన్నవాళ్లని చూడటానికి వెళ్తే చేతిలో ఆ సీసా ఉంటేనే మర్యాద. మా వీధిలో కొందరు ఖాళీ సీసా కూడా పారెయ్యకుండా షెల్ఫులో ద్రాక్ష బొమ్మ కనబడేట్టు పెట్టుకునేవారు. "మందు నాకొద్దురా" అంది నాయనమ్మ. "మందు కాదే అమ్మా, ద్రాచ్చపళ్ల రసం. బొమ్మ సూడు" అన్నాడు నాన్న. ఆవిడకి చదువు రాదు. బొమ్మ చూసింది, నమ్మింది. చదువు వచ్చిన నాన్నా బొమ్మే చూశాడు.

దీపం పెట్టాక రెండు మూతలు వేడినీళ్లలో కలుపుకుని తాగేది. కొన్నాళ్లకి మూతలు పోయి ఇత్తడి గ్లాసు వచ్చింది. "వయసు పెరుగుతంది, రక్తం తరుగుతంది, మరి ఎక్కువెయ్యాల గదా" అనేది. నిద్ర పట్టింది. చెంపలు ఎర్రబడ్డాయి. "సూసినావేటే, ఎలాగ రక్తం పట్టిందో!" అని అమ్మకి మొహం చూపించేది. వంటింటి వాసనల్లోకి ఒక కొత్త వాసన వచ్చి చేరింది, తియ్యగా, కొంచెం ఘాటుగా, లవంగం కలిసినట్టు. గడప దగ్గర రోజూ ఆవిడ మొహంలో మొహం పెట్టే నాన్నకి అది తెలియకపోవడం ఏమిటని మీరు అడగొచ్చు. టానిక్కు వాసన అలాగే ఉంటుందని అనుకున్నాడట. మా అమ్మకి మాత్రం అనుమానం ఉండేదని నా అనుమానం. ఒక్కోసారి ఖాళీ గ్లాసు కడిగే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగిపోయేది. అత్తగారిని అడిగే కోడళ్ల కాలం కాదు అది.

ఇంకో మాట కూడా చెప్పాలి, చెప్పకపోతే నాకే నచ్చదు. ఆ గ్లాసు తర్వాతి గంట మా పిల్లలకి పండగ. పగలంతా చింతనిప్పుల్లా ఉండే కళ్లు మెత్తబడేవి. నాయనమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని మమ్మల్ని దగ్గరకి లాక్కునేది. ఊళ్లో జీడిమామిడి తోటలో పళ్లు దొంగతనం చేసి చెట్టు మీదే చిక్కుకుపోయిన కథ, గేదె మీద ఎక్కి గెడ్డ దాటిన కథ, అన్నీ అప్పుడే చెప్పేది. ఒకసారి తాత చక్కగా తప్పెటగుళ్లు ఆడేవాడని, గజ్జెలు కట్టి గెంతుతుంటే పక్క ఊరి ఆడవాళ్లు కూడా వచ్చి చూసేవారని చెప్పి, చటుక్కున నోరు మూసుకుంది. నవ్వేది, పాడేది, బుగ్గలు గిల్లేది. "నాయనమ్మా, ఇంకొంచెం పోసుకోవే" అని నేనే సీసా అందించిన రోజులున్నాయి. ఆవిడ గురించి నాకున్న మంచి జ్ఞాపకాలన్నీ ఆ గంటలోవే. ఎంత సిగ్గుపడినా వాటిని వదులుకోలేకపోతున్నాను.

ఇంతలో పిన్నికి ఆడపిల్ల పుట్టింది. కబురు తెలిసిన రోజు నాయనమ్మ గడప మీద కూర్చుని పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది కానీ కదల్లేదు. పురుడు వెళ్లాక పిన్నికి ఒంట్లో బాగాలేదని, చూసుకునే దిక్కు లేదని ఎవరో చెప్పారు. అప్పుడు లేచింది. "ఆడి కోసం కాదు, బాలింత కోసం ఎల్తన్నాను" అని అందరికీ వినపడేలా చెప్పి, కొత్త ద్రాక్ష సీసా సంచిలో పెట్టుకుని, తోడుగా నన్ను తీసుకుని టెంపో ఎక్కింది. వంతెన మీద సువర్ణరేఖ నది గాలి కొడుతుంటే సంచిని గుండెలకి హత్తుకుని కూర్చుంది. చిన్నాన్న డ్యూటీకి వెళ్లాడు. గదిలో పిన్ని పీలగా పడుకుని ఉంది, పక్కన బిడ్డ కీచుగా ఏడుస్తోంది. నాయనమ్మ ఒక్క పూటలో ఆ గదిని మార్చేసింది. ఊడ్చింది, నీళ్లు కాచింది, బిడ్డకి నలుగు పెట్టి స్నానం చేయించింది, కారప్పొడితో పిన్నికి అన్నం పెట్టింది. బిడ్డ ఏడుపు మాత్రం ఆపలేదు. "పాలు సాలటం నేదు, నీరసంగుంది గుంట" అని, సీసా మూత తీసి, ఉగ్గుగిన్నెలో కాస్త పోసి, తేనె కలిపి, వేలితో బిడ్డ నాలుక్కి రాసింది. బిడ్డ చప్పరించింది. ఇంకొంచెం రాసింది. గిన్నె ఖాళీ అయింది. పిన్నికి కూడా అరగ్లాసు పట్టించింది. కాసేపటికి తల్లీబిడ్డా నిద్రపోయారు. "సూడే, ఎంత కుదురుగా పడుకుందో" అని నాయనమ్మ నా వంక చూసి నవ్వింది. ఆ గర్వం, ఆ నవ్వు నేనే చూశాను. పక్కనే కూర్చుని నేనూ నవ్వాను.

మధ్యాహ్నం చిన్నాన్న వచ్చాడు. తల్లిని తన గదిలో చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. తర్వాత అలవాటుగా తల వంచాడు, "హా" అనడానికి. "ఉండనియ్యిరా, ముందు బిడ్డని సూడు" అంది నాయనమ్మ. అంతకంటే మెత్తని మాట ఆయన ఏనాడూ విని ఉండడు. మొహం వెలిగిపోయింది. వెళ్లి బిడ్డని ఎత్తుకున్నాడు. మెడ వాలిపోయింది. ఊపాడు, బుగ్గ తట్టాడు, బిడ్డ కళ్లు తెరవలేదు. పిన్ని లేచి రొమ్ము అందిస్తే నోరు కదల్లేదు. చిన్నాన్న బిడ్డ నోటి దగ్గర ముక్కు పెట్టాడు. తర్వాత తల్లి వైపు చూసి, చాలా నెమ్మదిగా, "ఏటి పట్టినావమ్మా దీనికి?" అన్నాడు.

"ద్రాచ్చరసంరా. పళ్లే" అంది నాయనమ్మ.

చిన్నాన్న బిడ్డని భుజాన వేసుకుని పరిగెత్తాడు. నాయనమ్మ సీసా పట్టుకుని వెనకాల, నేను ఆవిడ చెప్పులు పట్టుకుని ఇంకా వెనకాల, పిన్ని గోడలు పట్టుకుంటూ అందరికంటే చివర. రోడ్డు మలుపులో ఒక డాక్టరు గది ఉండేది. ఆయన బిడ్డ కళ్లు విప్పి చూసి, గుండె విని, సీసా అడిగి తీసుకుని వెనక్కి తిప్పి చదివాడు. "మాఁజీ, ఇస్ మే తో షరాబ్ హై. బచ్చీ కో షరాబ్ పిలా దీ?" అన్నాడు. ఆయన కోప్పడలేదు, అలసిపోయినట్టు అన్నాడు. ఇలాంటివి అంతకుముందూ చూసినట్టున్నాడు. నాయనమ్మకి హిందీ రాదు. ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి నేర్చుకున్నది నాలుగంటే నాలుగు మాటలు. అందులో షరాబ్, అంటే సారా, ఒకటి. ఆవిడ మొహం నేను చూడలేక నేల వైపు చూశాను. "నేదు బావూ, పళ్లు... బొమ్మ సూడు" అంది తెలుగులోనే, ఆయనకి అర్థం కాదని తెలిసీ. ఆ తర్వాత గోడకి ఆనుకుని కూలబడింది. డాక్టరు బిడ్డకి ఏదో సూది వేశాడు, తడిగుడ్డతో పాదాలు రుద్దమన్నాడు, కదపకుండా చూస్తూ ఉండమన్నాడు. చిన్నాన్న ఆ మొరటు చేతులతో అంతంత పాదాలు రుద్దుతూనే ఉన్నాడు. అవతల భోంపు మోగే వేళకి బిడ్డ కెవ్వుమంది. ఆ ఏడుపు విన్నాక పిన్ని చిన్నాన్నని పట్టుకుని బావురుమంది. నాయనమ్మ మాత్రం బిడ్డని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

ఆ సీసా మీద అబద్ధమేమీ లేదని ఇప్పుడు అనిపిస్తుంది. ద్రాక్ష ఉంది, పులియబెట్టిన ద్రాక్ష. వెనకాల చిన్న అక్షరాల్లో ఆ సంగతీ రాసే ఉంది. సంతలో హండియా అమ్మే ఆడవాళ్లు కుండ మీద పళ్ల బొమ్మ వేసుకోలేదు, తమది కల్లు అని చెప్పే అమ్మారు, అందుకే మా ఇంట్లో వాళ్ల పేరు ఎత్తకూడదు. ఇప్పుడు అక్షరాలు పెద్దవి కాలేదు, బొమ్మలు మాత్రం ఇంకా అందంగా వచ్చాయి. మా మనవడి పొద్దుటి పాలల్లో కలిపే పొడి, సాయంత్రం తినే ధాన్యాల బిస్కట్టు, అన్నిటి మీదా బలమే. నేను ప్రతిదీ వెనక్కి తిప్పి చదువుతాను, ఇంటిల్లిపాదికీ విసుగు తెప్పిస్తాను. అయినా అన్నీ ఆపగలిగానా అంటే లేదు. కొన్ని నా చేత్తోనే కలిపి ఇస్తున్నాను, పిల్లాడు ఇష్టంగా తాగుతున్నాడని.

ఆ సాయంత్రం నాయనమ్మ నన్ను తీసుకుని టెంపోలో తిరిగొచ్చింది. ఇంటికొచ్చాక మెట్ల దగ్గరే ఆగిపోయింది. నన్ను లోపలికి తోసి, తను మెట్టు మీద కూర్చుంది. అమ్మ బయటికొచ్చి ఏమైందంటే నేనే ఏడుస్తూ చెప్పాను. "లోపలికి రండత్తా" అంది అమ్మ. "తాగినోల్లు ఈ గడప తొక్కకూడదు" అంది నాయనమ్మ. నాన్న వచ్చి, "నీకు తెలీక తాగినావు గదే అమ్మా, అది తప్పేటి? తెచ్చింది నాను గదా" అని తల పట్టుకున్నాడు. "ఆడికి తెలిసి తాగితే తప్పు, నాకు తెలీక తాగితే ఒప్పా? రోజూ తాగినాను. ఆడు ఓపాలి తాగినాడు" అంది. ఎంత బతిమాలినా లేవలేదు. అన్నం కంచం మెట్టు మీదే చల్లారిపోయింది. పక్కింటివాళ్లు తొంగిచూశారు. ఆవిడ పట్టించుకోలేదు. అమ్మ ఓ బొంత తెచ్చి కప్పి, తనూ గుమ్మంలోనే చాప పరుచుకుంది.

తెల్లారాక చిన్నాన్న వచ్చాడు. సైకిలు దిగి ఎప్పటిలాగే వీధిలో నిలబడ్డాడు. తల్లి గడప బయట ఉండటం ఆయనకి అర్థం కాలేదు. మేమంతా గుమ్మంలో గుంపుగా నిలబడ్డాం. "పాప పాలు తాగుతంది అమ్మా. బాగుంది. నిన్నెవులూ ఏటీ అన్లేదు గదా. ఇంటోకి ఎల్లు" అన్నాడు. నాయనమ్మ ఈసారి వీపు తిప్పలేదు. మమ్మల్ని మధ్యవర్తులుగా కూడా పిలవలేదు. మొదటిసారి సూటిగా ఆయన మొహంలోకి చూసి మాట్లాడింది.

"సిన్నోడా, మీ అయ్య తాగి సచ్చిపోనాడని మీకు సెప్పినాను. అది నిజం కాదురా. ఆ రేతిరి తుపాను వాన. తాగొచ్చి తలుపు కొట్టినాడు. నాను మెలకువగానే ఉన్నాను. బుద్ధి రావాలని తియ్యనేదు. సాలాసేపు కొట్టినాడు. పేరెట్టి పిలిసినాడు. తెల్లారి తీత్తే అరుగు మీద సల్లబడిపోయున్నాడు. కల్లు సంపనేదురా ఆయన్ని. నాను సంపినాను."

నాన్న గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఇంటికి పెద్దకొడుకై ఉండీ ఆ మాట ఆయన వినడం అదే మొదలు. చిన్నాన్న మొహంలో మాత్రం ఆశ్చర్యం లేదు. సైకిలు స్టాండు వేశాడు. వచ్చి తల్లి కాళ్ల దగ్గర కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకు తెలుసే అమ్మా" అన్నాడు. "నీ పక్కలోనే గదా పడుకున్నాను. నానూ నిద్రపోనేదు. అయ్య కొట్టినంతసేపూ ఇన్నాను. నాను ఏడిత్తే నువ్వు లేచి తలుపు తీత్తావని తెలుసు. తాగొత్తే కొడతాడని బయమేసి, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడవకుండా పడుకున్నాను."